సుభానీ కోసం ఆగిన లాంచి

మాచర్లలో రైలు దిగి, లక్ష్మీనరసయ్య ఎండలో అడ్రసు కనుక్కుంటూ ఆ నాపరాళ్ళ ఇంటి ముందుకొచ్చాడు. అతని చొక్కా కుడి చెయ్యి ఖాళీగా వేలాడుతోంది. యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది.

"సుభానీ వాళ్ళ అమ్మవా? మాది నరసరావుపేట. నీ కొడుకూ నేనూ నేవీలో ఒకే లాంచి మీద ఉన్నాం."

కుల్సుం గడప దాటి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. అరుగు మీద చాప పరిచింది.

"తంతి వచ్చింది నాయనా. నీళ్ళలో పోయాడని."

ఆవిడ కళ్ళు పొడిగా ఉన్నాయి. ఏడ్చి ఏడ్చి ఇంకిపోయి ఉంటాయనుకున్నాడు.

"కోడలేదమ్మా?"

"ఇద్దత్‌లో ఉంది. మొగుడు పోయినాక కొన్నాళ్ళు పరాయి మగోళ్ళ కంట పడకూడదు మాకు."

సుభానీ ఎలా పోయాడో తల్లికి చెప్పాలనే అతను ఇంత దూరం వచ్చాడు.

అది బర్మాలో అరకాన్ తీరం. మడ అడవుల మధ్య సన్నటి ఏళ్ళు. సముద్రం పోటు మీదున్నప్పుడే లాంచి తిరగాలి. ఆటు వస్తే బురదలో కూరుకుపోతుంది. ఒడ్డున జపాను సైన్యం. ఆ తెల్లవారుజామున మంచులో, లాంచి అడుగున నీళ్ళలో తిరిగే పంకాకు చేపల వల చుట్టుకుంది. ఇంజిను చూసే సుభానీ కత్తి పళ్ళ మధ్య పట్టుకుని నీళ్ళలోకి దిగాడు. కాసేపటికి తెగిన వల పైకి తేలింది. సుభానీ తేలలేదు.

"శవం దొరికిందా?" అంది కుల్సుం.

"లేదమ్మా."

"ఇంక మీ వాళ్ళెవరన్నా వస్తారా?"

"ఎవరొస్తారు? నేనే."

ఆవిడ ఎంత దిక్కులేనిదై పోయిందో అనిపించింది అతనికి.

"వాణ్ణి వదిలేసి రాలేదమ్మా. మా దొర పోదామన్నాడు. నేనే బతిమాలా. వాడికి ఈత చానా బాగా వొచ్చు, ఇంకాసేపు ఆగండన్నా. ఆగాం. ఏట్లో నీళ్ళు తగ్గినయ్. లాంచి బురదలో కూర్చుంది. మంచు విడిపోయింది. ఒడ్డు మీంచి కాల్చారు."

"నీ చెయ్యి?"

"అప్పుడే పోయింది. ఇంకో ఇద్దరు అక్కడే చచ్చిపోయారు."

కుల్సుం మూసిన తలుపు వంక చూసింది.

"ఆ ఇద్దరికీ అమ్మలున్నారా?"

"ఉన్నారు."

అప్పుడు ఏడ్చిందావిడ. అతని ఖాళీ చొక్కా చెయ్యి రెండు చేతులా పట్టుకుని, మొహానికి ఆనించుకుని ఏడ్చింది.

"మన్నించు నాయనా."

"నువ్వేం చేశావమ్మా."

కడుపున పుట్టినవాడు పోతే, ముక్కూమొహం తెలియని పిల్లల కోసం ఏడ్చే తల్లిని అతను ఎక్కడా చూడలేదు. ఇలాంటి తల్లి కొడుకు కోసమే కదా ఆగామనిపించింది. చెయ్యి పోయిన దగ్గర్నుంచి గుండెల్లో మండుతున్నదేదో మొదటిసారి చల్లబడింది.

వస్తానని అరుగు దిగాడు. ఆవిడ లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది. అతను వంగి, అలవాటు లేని ఎడమ చేత్తో చెప్పులు తొడుక్కుంటుంటే, తలుపు వెనక ఆవిడ గొంతు తగ్గించి అంటున్న మాట వినపడింది.

"పోయాడు, బయటికి రారా సుభానీ."