నిండు బుగ్గలు

కలీనా బల్లమీద పెట్టిన బొమ్మను చూడగానే గుర్తుపట్టాను. యుద్ధంలో జర్మన్ల ఖైదీల క్యాంపులో ఉన్నప్పుడు, చింపేసిన ఫారం వెనక, బొగ్గుముక్కతో నేను గీసిందే.

"మా అమ్మ," అంది కలీనా. "సంతకం చూసి మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాను. నిజం చెప్పండి. అందరూ ఆకలితో చచ్చిపోతుంటే ఈవిడకి ఈ బుగ్గలేమిటి? కాపలావాళ్ల కాళ్లు పట్టుకుందా? పదేళ్లుగా చనిపోయినవాళ్ల పండక్కి ఆవిడ పేరుమీద ఒక్క కొవ్వొత్తి వెలిగించలేదు నేను."

"నోర్ముయ్!" అని అరిచాను. "మీ అమ్మకి అప్పటికి బుగ్గలే లేవు. చిక్కిపోయిన మొహం చూస్తే నా కూతురు ఏడుస్తుంది, నిండుగా గియ్యవే అని బతిమాలింది."

కలీనా కళ్లు తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మ ఆఖరి కోరిక తీర్చారు. మీ రుణం..."

చెయ్యి లాక్కున్నాను.

"బొమ్మకి ఒక రొట్టెముక్క తీసుకునేదాన్ని. ఆ రోజంతటికీ మీ అమ్మకున్నది అదొక్కటే. ఆవిడ ఎదురుగానే తిన్నాను. ఆవిడ మాత్రం బొమ్మనే చూస్తూ, 'బుగ్గలు ఇంకాస్త నింపవే, రేపటి రొట్టె కూడా ఇస్తా' అంది."

"మీరు...?"

"నింపాను."