తిరిగొచ్చిన రిపేరు

టూత్‌పేస్టు ట్యూబును మధ్యలో నొక్కిందెవరన్నది ఆ ఆదివారం ఉదయం తగువు.

"అడుగు నుంచి నొక్కుకుంటూ రావాలి మామయ్యా," అంది కోడలు, ట్యూబు ఎత్తి చూపిస్తూ. "ఇలా నడుం విరగ్గొడితే సగం లోపలే ఉండిపోతుంది."

పేస్టు రావడం ముఖ్యమా, ట్యూబు అందం ముఖ్యమా అన్నాడు మామగారు. నలభై ఏళ్ళు చేతిగడియారాలు బాగుచేసిన తనకు ట్యూబు నొక్కడం నేర్పుతారా అని కూడా అన్నాడు. ఇద్దరికీ చెరో ట్యూబు కొనిపెడతానని అత్తగారు మాటిస్తే గానీ గొడవ సద్దుమణగలేదు.

పేస్టు కోసం అంతసేపు పోట్లాడిన మనిషికి, డాక్టరుతో ఒక్క అంకె చెప్పడానికి మాత్రం నోరు పెగలడం లేదు.

తొమ్మిది నెలల కిందట ఆయనకు ప్రొస్టేట్ గ్రంథి తీసేశారు. ఆ డాక్టరు తప్ప ఇంకెవరూ తన ఒంటిమీద కత్తి పెట్టడానికి వీల్లేదని అప్పుడు పట్టుబట్టాడు. డాక్టరు ససేమిరా ఒప్పుకోలేదు. ఆస్పత్రిలోని పెద్ద సర్జన్ పక్కనే నిలబడతానన్నాక గానీ పని జరగలేదు.

తీసిన ముక్కను పరీక్షిస్తే ఒకచోట అంచుదాకా క్యాన్సర్ కణాలు కనిపించాయి. అంటే లోపల కాస్త మిగిలి ఉండొచ్చు. మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయించాలి. అంకె సున్నా పాయింటు రెండు దాటితే ఆ రోజే చెప్పాలి, ఆలస్యమైతే చెయ్యిదాటిపోవచ్చు. ఇదీ డాక్టరు హెచ్చరిక.

అంకె సున్నా పాయింటు మూడుకొచ్చి మూడు వారాలైంది. రిపోర్టు ఏదని డాక్టరు దగ్గర్నుంచి రెండుసార్లు ప్రశ్న వచ్చింది. ల్యాబులో మిషను పాడైందని ఒకసారి, రక్తం తీసే మనిషి సెలవులో ఉన్నాడని ఒకసారి బొంకాడు.

ఆ ఉదయమే, వాన మొదలైందని గొడుగు విప్పబోయిన భార్యకు, దాని మడతల్లో రిపోర్టు దొరికింది. దాచిపెడితే తగ్గుతుందా ఇది, అని నిలదీసింది.

తను బాగుచేసి పంపిన వాచీ మళ్ళీ కొట్టు గుమ్మమెక్కితే రెండు రోజులు అన్నం సహించేది కాదని గుర్తుచేశాడాయన. "ఇప్పుడిప్పుడే పేరొస్తున్న చెయ్యి అది. దానికి నేనే మొదటి మచ్చ కావాలా?"

"డాక్టరు పేరు నిలబెట్టడానికి మీరు పోతారన్నమాట. మహా త్యాగమే," అందావిడ. "మీరు బాగుచేసిన వాచీ ఆగిపోతే, మీ మనసు కష్టపడుతుందని మీకు చెప్పకుండా ఎవరైనా సొరుగులో పడేస్తే ఎలా ఉంటుంది?"

ఆయన ఆవిడ చేతిలోంచి రిపోర్టు తీసుకున్నాడు.

"అది ఇంకా అవమానం," అన్నాడు.

మధ్యాహ్నం భార్య, కొడుకు, కోడలు భోజనానికి కూర్చున్నాక రిపోర్టు తెచ్చి బల్లమీద పెట్టాడు.

"అంకె పెరిగింది. మూడు వారాలు దాచాను. రేపట్నుంచి రేడియేషనైనా ఇంకేదైనా, చెయ్యమన్నది చేయించుకుంటాను. ఇందులో డాక్టరు తప్పేం లేదు, ఆ మాట ముందే చెబుతున్నా."

కొడుకు చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. కోడలు ఎడంచేత్తో కాగితం అందుకుని ఒకటికి రెండుసార్లు చదివింది. రేడియేషన్ డాక్టరు దగ్గరికి పొద్దున్నే తనే తీసుకెళ్తానంది.

"అయినా మీకు ఆపరేషన్ నేను చెయ్యనని ఆ రోజే కాళ్ళావేళ్ళా పడ్డాను, విన్నారా మామయ్యా?"