వెనక్కి తిరిగే జంతువు

జంతువుల్ని పట్టి పెంచే ఫోను ఆటలోకి మా మనవరాలు వందన గీసిన కొత్త జంతువు నిన్న వచ్చింది. మేమిద్దరం ఎల్లారెడ్డిలో కామారెడ్డి బస్సెక్కినప్పటి నుంచి వందన ఆ ఆట ఆడేవాళ్ల తిట్లే చదువుతోంది.

"'ఇది జంతువా, పిరికి గొడ్డా?' అంటున్నరు. ఇంకోడు చూడవ్వా, 'దీన్ని గీసినోళ్ల మొహం మీద పేడ కొట్టాలె' అంటున్నడు."

నేను ఫోనులోకి తొంగి చూశాను. "గంత కోపమెందుకే?"

"మిగిలినయి కొట్లాడి బలపడతయి. ఇది జర దూరం పోయి మల్ల వెనక్కి ఉరుకుతది, గూడు మూసిందో లేదో చూసుకుంటది. బుజ్జగిస్తెనే కదుల్తది."

"గసొంటిది ఎవలికి గావాలె? తీసి పారెయ్యి."

"మా సారు గూడ గదే అంటున్నడు. తీస్తవా, నౌకరి ఇడుస్తవా అని."

"తీసెయ్యి బిడ్డా, నీ కాల్మొక్త."

అంతలోనే నాకు ఇల్లు గుర్తొచ్చింది. ఇంటికి తాళం వేశానో లేదో గుర్తు రావడం లేదు. బస్సు అప్పటికే తాడ్వాయి దాటింది. ఆపమని అరవడానికి లేచాను.

వందన నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "తాళం ఏసిన అవ్వా. గుంజి చూసిన. పోదాం."

ఆమె ఒళ్లో ఫోనులో ఆ జంతువు కూడా వెనక్కి తిరిగి నిలబడి ఉంది. వందన వేలితో దాని తల నిమిరింది. ఫోనులోంచి వందన గొంతే వినిపించింది: "మూసిన అవ్వా. గుంజి చూసిన. పోదాం."

జంతువు ముందుకు కదిలింది.

కాసేపటికి అడిగాను. "మీ సారుకు ఏం జెప్తవే?"

"తియ్యనని పొద్దుగాలనే చెప్పిన."