వెండిమెడ పిట్ట పూర్తి పాట

“రాజీనామా తెచ్చావా?” కొండెక్కిన ఆయాసమైనా తీరకముందే అడిగారు మ్యూజియం డైరెక్టర్ సుర్యాదినాత.

“తెచ్చాను, పాక్.” పెద్దవాళ్లను ‘అయ్యా’ అన్నట్టు అక్కడ అలాగే పిలుస్తారు. ఎలిన్ భుజాన ఉన్న సంచి తడుముకుంది.

“సంతకం?”

“పెట్టాను.”

“మంచి పిల్లవి. పిట్ట పాడగానే ఇచ్చేద్దువుగాని.”

వెంట వచ్చిన ముగ్గురు కమిటీ పెద్దలు చెట్ల వైపు చూడసాగారు. రేడియో నుంచి వచ్చిన దాదంగ్ మాత్రం ఇకిలించాడు.

ఎలిన్ చేసిన నేరం ఒక్కటే. వెండిమెడ పిట్ట లోకంలో ఇక లేదని, మ్యూజియం అద్దాల పెట్టెలో ఉన్నదే ఆఖరిదని వ్యాసం రాసింది. ఇరవై రెండేళ్ల క్రితం ఈ కొండ మీదే ఆ పిట్టను కనిపెట్టిన మనిషి సుర్యాదినాత. జబ్బుపడిన పిట్ట ఆయన ముందు ఒక్కసారి పాడి, ఆయన అరచేతిలోనే ప్రాణం విడిచిందన్న సంగతి బడిపిల్లల పాఠంలో కూడా ఉంది. ఆ పాట టేపు పుణ్యమా అని ఆయన డైరెక్టరయ్యారు. తేనె తీసేవాళ్లెవరో అదే పాట మళ్లీ విన్నామనగానే కమిటీని పిలిపించి పందెం కాశారు. పిట్ట పాడితే ఎలిన్ పద్నాలుగేళ్ల ఉద్యోగం వదిలి పోవాలి. పాడకపోతే ఆయన కుర్చీ ఆమెది.

ఆయనది పాము పగ. పెట్టె తెరిచి పిట్ట కొలతలు తీసుకుంటానని ఎలిన్ ఒకసారి అడిగింది. ఎడమ రెక్క గుండెకు అడ్డంగా కప్పుకుని నిద్రపోతున్నట్టు, దూది కుక్కి ఆయన స్వహస్తాలతో కుట్టిన పిట్ట అది. “చచ్చినదాన్నయినా ప్రశాంతంగా ఉండనివ్వవా?” అని కసిరి, మూడేళ్లపాటు ఆమెను నేలమాళిగలో చచ్చిన పిట్టల కాళ్లకు చీటీలు కట్టే పనికి తోశారు.

అందరూ ‘మాంగ్’, అంటే బాబాయ్, అని పిలిచే ఎంకోస్ గుడిసెలోంచి టీ తెచ్చాడు. పద్దెనిమిదేళ్లుగా రోజూ తెల్లారగానే పెద్ద స్పీకరులో ఆ టేపు వేయడం ఈ ముసలాయన పని. జవాబుగా ఏ పిట్టయినా పాడుతుందేమోనని ఆశ.

“మీరెప్పుడైనా దాని జవాబు విన్నారా, మాంగ్?” అడిగింది ఎలిన్.

అతను ఆమె పెదాల వంక చూసి, చెవి చూపించి నవ్వాడు. “ఇవి చిన్నప్పుడే పోయాయి, అమ్మాయ్. బటన్ టక్కున పైకి లేస్తే టేపు అయిపోయినట్టు. తీసి, తుడిచి, దాచేస్తా.”

దాదంగ్ పగలబడి నవ్వాడు. “చెవిటివాడి ముందు శంఖం ఊదడం విన్నాం గానీ, చెవిటివాడి చేతే ఊదించడం ఇదే చూడ్డం! ఇంకెవరూ దొరకలేదా, పాక్?”

“చెవులున్నవాళ్లకి నోళ్లు కూడా ఉంటాయి,” అన్నారు సుర్యాదినాత.

అంతలో చెట్ల మీంచి, నీళ్లు మరిగినప్పుడు వచ్చే కెటిల్ ఈల వినిపించింది. కెటిలేమో చల్లారిపోయి గడప దగ్గరుంది. దాదంగ్ బిత్తరపోయాడు.

“మురై పిట్టలే. విన్నదల్లా అప్పజెప్పే పనికిమాలిన జాతి,” అని విసుక్కున్నారు డైరెక్టర్. “అసలు పాట వినిపిస్తా, చెవులు కడుక్కోండి.”

ఆయన జేబులోంచి చిన్న టేపు రికార్డరు తీశారు. ఆ టేపును ఎవరినీ ముట్టుకోనివ్వరు. ఈ అడవికి పంపిన నకలు కూడా ఇంట్లో తలుపులు వేసుకుని తానే తీశారు. మూడు స్వరాలు మెట్లెక్కాయి. నాలుగోది జారుతూ దిగింది. దిగిన మరుక్షణం ఆయన బొటనవేలు బటన్ నొక్కేసింది.

“తర్వాతేముంది, పాక్?”

“తర్వాత నా ఏడుపుంది, నాయనా. అది లోకం వినాల్సింది కాదు.”

కమిటీలోని పెద్దావిడ కళ్లు ఒత్తుకుంది.

సరిగ్గా అప్పుడే లోయలోంచి జవాబొచ్చింది. ఒకటి, రెండు, మూడు స్వరాలు! కమిటీ పెద్దలు చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టారు. పిట్ట బెదిరి ఆపేసింది.

“నోళ్లు, చేతులు మూసుకోండి!” అని అరిచి, సుర్యాదినాత ఎలిన్ వైపు తిరిగి చెయ్యి చాచారు. “ఏదీ, ఆ కాగితం?”

ఆమె ఇచ్చింది. ఆయన దాన్ని మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని పైనుంచి తట్టారు.

“ఇప్పుడు మైకులో చెప్పు. ఊళ్లన్నీ నేరుగా వింటున్నాయి.”

“ఏం చెప్పను, పాక్?”

“బుద్ధి లేక రాశానని.”

“పాక్, ఇది మాత్రం వద్దు. నా పిల్లలు కూడా వింటుంటారు.”

“విననీ. తల్లి ఎంత చదివిందో తెలుస్తుంది.”

దాదంగ్ మైకు ఆమె నోటి దగ్గర పెట్టాడు. ఈసారి అతను నవ్వలేదు. ఎలిన్‌కి ఏడుపు పొంగుకొచ్చింది, అవమానంతో ఒళ్లు మండిపోయింది. “బుద్ధి లేక రాశాను,” అంది.

“గట్టిగా.”

“బుద్ధి లేక రాశాను!”

“అయ్యో, ఏడవకు, పిల్లా,” అన్నారాయన తేనె పూసిన గొంతుతో. “ఎవరి చేతిలో ప్రాణం పెట్టాలో పిట్టలకు తెలుసు. పుస్తకాలు చదివితే రాదది.”

పిట్ట దగ్గరికి వచ్చేసింది. సరిగ్గా వాళ్ల తల మీద కొమ్మలో, దట్టమైన ఆకుల వెనక ఎక్కడో రెక్కలు విదిలించింది.

“ఎవరూ ఊపిరైనా తీయకండి,” గుసగుసగా అన్నారు సుర్యాదినాత. “దాదంగ్, మైకు ఎత్తు. ఈసారి పాట చివరిదాకా వెళ్లాలి. ఒక్క ముక్క పోయినా ఊరుకోను.”

దాదంగ్ మైకు ఎత్తాడు. పిట్ట అందుకుంది. అంత దుఃఖంలోనూ ఎలిన్ తల ఎత్తి వింది, అంత బాగుంది ఆ పాట. డైరెక్టర్ కళ్లు మూసుకుని వేలితో గాల్లో తాళం వేస్తున్నారు. మూడు స్వరాలు ఎక్కాయి. నాలుగోది జారుతూ దిగింది.

ఆ వెంటనే పిట్ట గొంతులోంచి తుపాకీ పేలింది.