తడి ఆరని చెక్క

ముసలాయన కుర్చీని తలకిందులు చేసి, దాని కాలికి చెంప ఆనించాడు.

"తాతా, అది కుర్చీ. దిండు కాదు," అంది జుల్హుమోర్.

గోడలకు రంగులేస్తున్నవాళ్లు పక్కున నవ్వారు.

ఆయన నవ్వలేదు.

"చల్లగా ఉందమ్మా. లోపల ఇంకా తడి ఉంది."

కొండల నడుమ లోయలో ఉన్న కోకంద్ పట్నంలో ఆమె హోటల్ తెరవడానికి పన్నెండు రోజులే ఉన్నాయి. భర్త పోయాక ఉన్న ఇల్లు అమ్మి మొదలుపెట్టిన హోటల్. ఇది మూతపడితే ఇద్దరు కూతుళ్లతో ఎక్కడికి వెళ్లాలో ఆమెకే తెలియదు.

భోజనాల హాలుకి నలభై కుర్చీలు కావాలి. ఇద్దరి దగ్గర సిద్ధంగా ఉన్నాయంటే, చూసి ఎంచుకోవడానికి చెరొకటి తెప్పించింది.

ఒకటి అక్రోటు చెక్క. ముదురు రంగు, వీపు నిండా దానిమ్మ తీగల చెక్కడం. వ్యాపారి ఎర్గాష్ పంపాడు. రెండోది మల్బరీ చెక్క. మోటుగా, బరువుగా, ఒక్క పువ్వైనా లేకుండా ఉంది. బజారు చివర ఉండే వడ్రంగి, పనిలో ఆరితేరినవాడని అందరూ ఉస్తా అనే నజ్రుల్లా పంపాడు.

ముసలాయనను ఎవరూ పిలవలేదు. మూడు రోజులుగా తనే కుడికాలు ఈడ్చుకుంటూ, దగ్గుకుంటూ వస్తున్నాడు. రెండు కుర్చీల మీదా కూర్చుంటాడు, వెనక్కి ఊగుతాడు, వంగి కింద తడుముతాడు. పెద్దవాడు కదా అని ఆమె రోజూ టీ ఇస్తోంది.

"మల్బరీ తీసుకో," అన్నాడు ఈ రోజు కూడా. "ఇంట్లో కుర్చీ మీద నలుగురు కూర్చుంటారు. హోటల్ కుర్చీ మీద నాలుగు వేలమంది. ఈడుస్తారు, ఊగుతారు, నేల తుడిచేవాళ్లు ఎత్తి పడేస్తారు. పైన పువ్వులు కాదమ్మా, కింద అతుకులు చూడు."

"అక్రోటు మంచిది కాదా?"

"బంగారం లాంటి చెక్క. కానీ మూడేళ్లు నీడన ఆరాలి. ఇది ఒక్క వేసవే చూసింది. చలికాలం నువ్వు హాలు వేడి చేస్తావు. అతుకులు వదిలేస్తాయి."

అంతలో ఎర్గాష్ ఫోన్ చేశాడు.

"అక్కా, ఏం తేల్చావు?"

"ఇక్కడొక తాత మల్బరీ మల్బరీ అని ప్రాణం తీస్తున్నాడు."

ఎర్గాష్ పకపకా నవ్వాడు. "నజ్రుల్లా మనిషై ఉంటాడు. బేరం కోసం ముసలాళ్లను కూడా తోలుతున్నాడన్నమాట!"

జుల్హుమోర్ ముఖం ఎర్రబడింది. ఫోన్ పెట్టేసి ముసలాయన ఎదురుగా నిలబడింది.

"తాతా, నిజం చెప్పు. నజ్రుల్లా నీకేం ముట్టజెబుతున్నాడు?"

"నాకా? నజ్రుల్లానా?" ఆయన తెల్లబోయాడు.

"మరి అతని మీద అంత ప్రేమ ఎందుకు?"

"ఆ చేతికి ఈ లోయలో సాటి లేదు. అందుకు."

"ఈ పువ్వులు చెక్కినవాడికి చేతులు లేవా?"

ఆయన దానిమ్మ తీగల మీద వేలు పోనిచ్చాడు.

"ఉన్నాయి. చెక్క అతనిది కాదు, వ్యాపారిది. తొందరా అతనిది కాదు."

"అయితే ఆ ముక్క అతనే వచ్చి చెప్పొచ్చుగా!"

"నేను చేసింది నిలవదని నోరు తెరిచి చెప్పుకోగలిగిన ఉస్తా ఎక్కడున్నాడమ్మా?"

ఆమె టీ కూజా అందుకుని ఆయన పియాలాను అంచు దాకా నింపింది.

ఆ ఊళ్లో ఉండమనే అతిథికి రెండు గుక్కలే పోస్తారు. నిండా పోశారంటే లేచి వెళ్లమని.

ముసలాయన పియాలా వంక చూశాడు. ముట్టుకోలేదు. గుండెల మీద చెయ్యి ఉంచి, కొద్దిగా వంగి, వెళ్లిపోయాడు.

రంగులవాళ్లు ఈసారి నవ్వలేదు.

ఆ సాయంత్రమే జుల్హుమోర్ నలభై అక్రోటు కుర్చీలకు మాట ఇచ్చేసింది.

హోటల్ బ్రహ్మాండంగా మొదలైంది. వచ్చినవాళ్లంతా ఆ కుర్చీల పక్కన నిలబడి ఫోటోలు దిగారు.

డిసెంబరులో మంచు పడింది. హాలు వేడి చేశారు.

తొమ్మిదో రోజు పొద్దున, తాష్కెంట్ నుంచి వచ్చిన ఒక బామ్మ పులావు తింటూ ఏదో మాటకు నవ్వి వెనక్కి వాలింది. కుర్చీ కాళ్లు నాలుగూ నాలుగు వైపులకు విడిపోయాయి.

బామ్మ తుంటి విరిగింది. ఆ వారంలోనే మరో పదకొండు కుర్చీలు ఊడిపోయాయి. అధికారులు వచ్చి హాలుకి తాళం వేశారు.

జుల్హుమోర్ నేరుగా నజ్రుల్లా ఉస్తా దగ్గరికి పరిగెత్తింది.

"నలభై మల్బరీ కుర్చీలు కావాలి ఉస్తా. అంతకన్నా ముందు మీ మనిషిని పిలవండి. ఆయన చేతులు పట్టుకుని క్షమించమని అడగాలి."

నజ్రుల్లా చిత్రిక పడుతూనే, "నా మనిషా? నాకెవరున్నారమ్మా?" అన్నాడు.

"మీ కుర్చీలే కొనమని మూడు రోజులు నా చుట్టూ తిరిగాడు. సన్నగా ఉంటాడు. కుడికాలు ఈడుస్తాడు. మాట మాటకీ దగ్గు."

చిత్రిక ఆగిపోయింది.

"నా కుర్చీలు కొనమన్నాడా? మూమిన్?"

"పేరు చెప్పలేదు. మీ చేతికి ఈ లోయలో సాటి లేదన్నాడు."

నజ్రుల్లా చెక్కపొట్టు మీదే కూలబడ్డాడు.

"ఇద్దరం ఒకే గురువు దగ్గర పని నేర్చుకున్నాం. మసీదు తలుపులు చెక్కే పని నాకిచ్చారని అలిగాడు. పన్నెండేళ్లుగా మాటల్లేవు. మొదటి మంచు పడ్డ రోజున పోయాడు. రెండు వీధుల అవతలే. నేను పాడెకు భుజం కూడా పట్టలేదు."

జుల్హుమోర్ అతని ఎదురుగా కూర్చుంది.

"మాటల్లేని మనిషి మీ పని ఎందుకు పొగిడాడు?"

నజ్రుల్లా గుప్పెడు చెక్కపొట్టు తీసి వేళ్ల సందుల్లోంచి జారవిడిచాడు.

"ఎర్గాష్ నీకు అమ్మిన ఆ నలభై కుర్చీలూ చేసింది అతనే తల్లీ."