సంగనకల్లు మలుపు

పొద్దుటి నుంచి ఇది ఏడో ట్రిప్పు. వరప్రసాద్ నడుము పడిపోతోంది.

పేరుకే అది రైలు. పట్టాల్లేవు, రబ్బరు టైర్లు. ముందు ఉత్తుత్తి పొగగొట్టం, వెనక మూడు బోగీలు. సంగనకల్లు గుట్ట చుట్టూ టూరిస్టులను తిప్పి గేటు దగ్గర దించాలి. నంద్యాల నుంచి వచ్చి పది రోజులైంది. కన్నడం ఇంకా ‘ఊట ఆయ్తా’, అంటే ‘తిన్నావా’, దగ్గరే ఆగింది.

వాన ఇప్పుడే వెలిసింది. గుట్ట మొదట్లో ఒక ముసలాయన బండికి అడ్డం వచ్చాడు. అటు తూలి ఇటు తూలి, ఇంజను పట్టుకున్నాడు.

“కల్లు! కల్లప్పా, కల్లు!”

హైదరాబాదు టూరిస్టులు గొల్లున నవ్వారు.

“పగటిపూటే మొదలుపెట్టిండు తాత!”

“ఈడ కల్లూ లేదు, ఏమీ లేదు. జరుగు పెద్దాయనా,” అన్నాడు వరప్రసాద్.

“కల్లు...” ముసలాయన గుట్ట వైపు చెయ్యి చూపించాడు. ఆయాసంతో ఇంకో మాట రాలేదు.

“ఆడుంటే పోయి తాగుపో! నా పానం తియ్యాకు.”

చెయ్యి విడిపించి బండి కదిలించాడు. ముసలాయన తూలుతూనే గుట్టకు అడ్డంపడి కాలిబాట పట్టాడు.

“కల్లు కోసం ఎట్ల ఉరుకుతాండాడో!” అన్నాడు వరప్రసాద్.

బండి గుట్ట చుట్టి వచ్చేసరికి, మలుపులో అదే ముసలాయన ఒక బండరాయి పక్కన బోర్లా పడి ఉన్నాడు.

“దొరికినట్టుండాది,” అన్నాడు వరప్రసాద్. అందరూ నవ్వారు. దిగి చూస్తే ఏం పోయేది? చూడలేదు.

ఎనిమిదో ట్రిప్పులో అక్కడ జనం. గేటు దగ్గర టీ అమ్మే సిద్దక్క, ముసలాయన తల ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది. ప్రాణం ఎప్పుడో పోయింది.

వరప్రసాద్ దిగాడు. “తాగి పడినాడనుకుంటినక్కా. కల్లు, కల్లు అని అడిగె...”

“దురుగప్ప జన్మలో తాగలేదప్పా! పక్షవాతమొచ్చి ఒక కాలు పడిపోయినాది, అందుకే ఆ తూలుడు. కన్నడంలో కల్లంటే రాయి.”

వరప్రసాద్ ఇప్పుడు చూశాడు. ముసలాయన చేతి కింద గునపం. రోడ్డు నడుమ నుంచి అంచు దాకా, తడి మట్టిలో బండరాయి జరిగిన గీత.

“అయ్యో, ఎంత పని చేస్తిని!” అక్కడే కూలబడ్డాడు.

“వానొచ్చినప్పుడల్లా ఈ మలుపులో రాళ్లు జారి పడతాయి,” అంది సిద్దక్క కళ్లు తుడుచుకుంటూ. “మీ బండి వచ్చేలోపల ఒక్కడే అన్నీ పక్కకు తోసేటోడు ఈయప్పేనప్పా, ఇయ్యాల రాయి పెద్దదని నిన్ను ఒక చెయ్యి వెయ్యమని అడగను వచ్చినాడు.”