పలకని లింకు

చీరాలలో ఇప్పుడు ప్రతి ఇంటి ముందుగది గోడే ఆ ఇంటి వెబ్‌సైటు. పేరు మీద వేలు పెడితే ఆ మనిషి పలకాలి, బతికున్నా పోయినా. వీధిలో అందరికీ ఆ లింకులు కలిపేది సునందే. తనంత పనిమంతురాలు లేదని లోలోపల గర్వం కూడాను.

పక్కింటి నాంచారమ్మగారు భర్త సంవత్సరీకానికి పిలిస్తే భోజనానికి వెళ్లింది. గోడ మీద ఆయన పేరు చూసి, "బాబాయిగారిని ఓసారి పలకరిద్దాం పిన్నిగారూ" అంది.

"పలకరమ్మా," అన్నారావిడ నెమ్మదిగా. "పోయేముందు రోజు నేనో మాట తూలాను. రోజూ పొద్దున్నే వేలు పెడుతూనే ఉన్నాను. ఇంకా కోపం తీరినట్టు లేదు."

సునంద గోడలో ఆ లింకు తెరిచి చూసింది. ఏడాది కిందట ఈ లింకు కలిపేటప్పుడు బాబాయిగారి గొంతును తన ఇంటి గోడలో ఉంచి, లింకును అక్కడికే కలిపేసింది. ఒక ఇంటి గోడలోది ఇంకో ఇంటి గోడకు అందదు. అప్పుడు తన గోడ మీద నొక్కితే చక్కగా పలికింది. ఈ గోడ మీద ఒక్కసారైనా నొక్కి చూడలేదు.

తలెత్తకుండా గొంతును ఇటు మార్చి, లింకు సరిచేసింది.

"నాంచారూ, కాఫీ చల్లారిపోతోంది, రావే," అంది గోడ.

నాంచారమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తర్వాత సునందను కూర్చోబెట్టి విస్తరి వేశారు. నిజం చెప్పేద్దామని సునంద నోరు తెరిచేసరికి, ఆవిడ వేడి గారె వడ్డిస్తూ అన్నారు.

"నీది చల్లని చెయ్యమ్మా. నువ్వు తాకాకే ఆయన కోపం తీరింది."

ఆ చల్లని చెయ్యి విస్తరి దాకా వెళ్లలేదు.